గీటురాయి లేని సరుకు

ప్రొద్దుటూరు బంగారు అంగట్లో ఒక జేజి కమ్మలు కొంటా ఉంటుంది. నాలుగు గ్రాముల కమ్మలు. వాటికోసం అంగడాయన ప్రాణం తోడేస్తా ఉంటుంది. ముందు గీటురాయి మీద గీయిస్తుంది. తర్వాత భూతద్దం అడిగి 916 ముద్ర యాడుందో చూపించమంటుంది. 2021 నుంచి హాల్‌మార్కు తప్పనిసరి అయిందనీ, నగ మీద ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ నంబరు ఉండాలనీ ఆమెకు టీవీ చెప్పింది. ఆ నంబరును మనవడి ఫోన్లో కొట్టిస్తుంది. "సరిగానే ఉంది జేజీ" అని వాడు మూడుసార్లు చెప్పినా, తరుగు కాడ మళ్లీ మొదటికొస్తుంది. ఈ ఊరిని రెండో బొంబాయి అని ఊరికే అనలేదు. ఇక్కడ కళ్లు కనపడని ముసలోళ్లకు కూడా వేళ్లలో త్రాసు ఉంటుంది. ఇట్లాంటి జేజులు వీధికి నలుగురు.

బేరం ఇంకా తెగకముందే మనవడు "ఇప్పుడే వస్తా" అని బయటపడతాడు. సందు మలుపులో ఎవడో ఎదురవుతాడు. చెయ్యీ చెయ్యీ తగులుతాయి. కాగితం పొట్లం జేబులో పడుతుంది. గీటు లేదు, ముద్ర లేదు, బిల్లు లేదు, తరుగు మాటే లేదు. చెవికి తగిలించుకునే కమ్మలకు గంటసేపు పరీక్ష పెట్టిన ఇంటి వారసుడు, రొమ్ములోకి దించుకునే సరుకుకు అర నిమిషం కూడా పెట్టడు. ఎందుకురా అంటే ఒకటే మాట:

"మావోని కాడ ఎప్పుడూ ప్యూరే ఉంటదిన్నా."

మన కడప జిల్లాలో బంగారానికి లేని నమ్మకం గంజాయికి దొరికింది. ఇంతకన్నా గౌరవం ఏ ఆకుకూ జరగలేదు, తమలపాకుతో సహా.

పైగా ఆకే కదా అంటారు. ప్రకృతి ఇచ్చిందే కదా అంటారు. గన్నేరు పప్పు కూడా చెట్టుకే కాస్తుంది నాయనా, ఉమ్మెత్తకాయ కూడా ఫ్యాక్టరీలో తయారుకాదు. ఇంకొంచెం చదువుకున్నవాడైతే 1894 నాటి ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ రిపోర్టు తీస్తాడు. ఏడు సంపుటాలు, 1,193 మంది సాక్షులు, మితంగా వాడితే పెద్ద హాని లేదని తెల్లదొరలే రాసినారు చూడు అంటాడు. మితిమీరితే ఒంటికీ మనసుకూ చేటని అదే రిపోర్టులో రాసిన సంగతి మాత్రం వాడి కాపీలో చెదలు తినేసింది. వాడు మరిచిపోయేది ఇంకోటి ఉంది. ఆ దొరలు చూసిన సరుకు వేరు. అమెరికాలో పట్టుబడ్డ గంజాయిని ఏళ్ల తరబడి పరీక్షిస్తా వచ్చినారు. అందులో మత్తెక్కించే టీహెచ్‌సీ 1995లో సుమారు 4 శాతం ఉంటే 2014 నాటికి 12 శాతానికి ఎగబాకింది. "మా జేజినాయన తాగలేదా, తొంభై ఏళ్లు బతకలేదా" అంటే, ఆయన తాగింది కల్లు, నువ్వు తాగేది సారాయి, ముంత మాత్రం మారలేదు.

ఇక ఈ సరుకును లోపలికి పంపే దారుల గురించి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఈ మూడు ఊళ్లలో జరిగే తర్కం చూస్తే, కాశీ పండితులు సిగ్గుపడి మూట సర్దుకుంటారు. బీడీ మతం, చిలుం మతం, చాక్లెట్ మతం, వేపు మతం. ఎవరి మతం వాళ్లకు మోక్షం, పక్కోనిది నరకం.

బీడీ మతానికి ప్రొద్దుటూరు పీఠం అనుకుందాం. వీళ్ల సిద్ధాంతం వినండి. పొగాకు చెడ్డది, క్యాన్సర్ వస్తుంది, అందుకని బీడీలో పొగాకు రాల్చేసి గంజాయి నింపాలి. అయితే గంజాయి ఒక్కటే నింపితే సరిగా కాలదు, గొంతు మండుతుంది, అందుకని రాల్చిన పొగాకులో సగం మళ్లీ కలపాలి. పొగాకు మానడానికి గంజాయి, గంజాయి కాలడానికి పొగాకు. నికోటిన్ అలవాటు వదలకుండా కాపలా కాసే ఏర్పాటు ఇంత పకడ్బందీగా బీడీ కంపెనీలు కూడా చేసుకోలేకపోయినాయి. ఆ పైన పీల్చిన పొగను బిగబట్టడం ఒక విద్య. ఎంతసేపు బిగబడితే అంత మొనగాడు. నిజానికి మత్తెక్కించే భాగం మొదటి కొన్ని క్షణాల్లోనే రక్తంలో కలిసిపోతుంది. మిగతా సేపు మొనగాడు లోపల దాచుకుంటున్నది తారు. ఏ ఆకు కాలినా పొగ పొగే. తారు, కార్బన్ మోనాక్సైడ్ పొగాకు పొగలో ఉన్నట్టే గంజాయి పొగలోనూ ఉంటాయి, అమ్మోనియా ఇంకా ఎక్కువ. రోజూ తాగేవాడికి పొద్దున్నే దగ్గు, కళ్లె, ఆయాసం. తాగిన కాసేపటికే గుండె పరుగందుకుంటుంది. తాగిన మొదటి గంటలో గుండెపోటు ముప్పు మామూలుకంటే 4.8 రెట్లని 2001లోనే అమెరికాలో లెక్క తేల్చినారు. నలభై దాటి, బీపీ ఉండి, "మనకేమవుతుంది" అనుకునే మామలకు ఈ లెక్క చదివి వినిపించాలి, వాళ్లు బిగబట్టుకుని ఉండగానే.

చిలుం మతానికి జమ్మలమడుగు పక్కన గండికోట. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుంటా పోయిన లోయ, అంచున కూర్చుంటే పొద్దు కుంకేది కళ్లారా కనపడుతుంది. అట్లాంటి చోట మనిషికి మత్తు అక్కర్లేదు, కళ్లుంటే చాలు. అయినా నలుగురు కూర్చుని ఒకే చిలుమును చేయి మారుస్తుంటారు. శివుడి ప్రసాదం అంటారు. శివుడు విషం తాగి గొంతులో ఆపుకున్నాడు, వీళ్లు గొంతులో కూడా ఆపరు. చిలుముకు జల్లెడ ఉండదు. అడుగున చుట్టిన తడిగుడ్డ నిప్పురవ్వల్ని ఆపుతుందేమో గానీ తారును ఆపదు. ఆ గుడ్డ ఎప్పుడు ఉతికినారని అడిగితే సామికి కోపం వస్తుంది. ప్రపంచంలోని టీబీ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. నలుగురు ఒకే గొట్టం నోట పెట్టుకుని, ఒకరి మొహం మీద ఒకరు దగ్గుకుంటా కూర్చుంటే, శివుడి సంగతేమో గానీ టీబీ పురుగుకు మాత్రం ఆ చిలుమే కైలాసం. కుర్రకారు దగ్గర చిలుముకు బదులు నీళ్ల బాటిల్. ప్లాస్టిక్ బాటిల్‌కు అగ్గిపుల్ల కాల్చి బొక్క పెడతారు, అందులో పాత పెన్ను గొట్టం దూరుస్తారు, నీళ్లు పోస్తారు. నీళ్లలో చెడు కడిగిపోతుందట. పొగ చల్లబడుతుంది, అంతే. చల్లగా ఉంది కదా అని ఇంకా లోతుగా పీలుస్తారు. బొక్క అంచున కరిగిన ప్లాస్టిక్ వాసన కూడా ప్రకృతి ఇచ్చిందే కాబోలు.

ఒక మాట మాత్రం న్యాయంగా చెప్పాలి. జమ్మలమడుగు కుర్రాడికి పొగ మీద మోజు ఊరికే పుట్టలేదు. ఉక్కు ఫ్యాక్టరీ వస్తుంది, పొగ గొట్టాలు లేస్తాయి, ఉద్యోగాలు వస్తాయి అని ఆ చుట్టుపక్కల 2007లో ఒకసారి, 2018లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో ఇంకోసారి శంకుస్థాపన చేసినారు. పార్టీలు మారినాయి, రాళ్లు పెరిగినాయి. మొదటి రాయి పడ్డనాడు పుట్టిన పిల్లోడు డిగ్రీ వయసుకొచ్చినాడు. ఫ్యాక్టరీ పొగ కోసం కొండ వైపు చూసి చూసి, చివరికి సొంతంగా కుటీర పరిశ్రమ పెట్టుకున్నాడు.

పులివెందులకు పోదాం. అరటి గెలకు గ్రేడు కట్టే ఊరు. కాయ వేలెడు పొట్టిగా ఉన్నా వ్యాపారి పక్కన పడేస్తాడు. చీనీకాయను చేత్తో తూచి రసమెంతో చెప్పే రైతులున్న చోటు. అట్లాంటి రైతు కొడుకు, పట్నంలో హాస్టల్ నుంచి సెలవులకొస్తా, రంగు కాగితంలో చుట్టిన చాక్లెట్ తెస్తాడు. పొగ లేదు, వాసన లేదు, నాయనకు తెలియదు, ఊపిరితిత్తులకు పని లేదు. మతాలన్నింటిలో ఇదే సాత్వికమని వాడి నమ్మకం.

ఈ సాత్వికం ఎట్లా పని చేస్తుందో కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే ఎక్కువ మంది బోల్తా పడేది ఇక్కడే. పొగ పీలిస్తే నిమిషాల్లో తలకెక్కుతుంది, కాబట్టి చాలనిపించినచోట ఆపే అవకాశమన్నా ఉంది. తింటే అట్లా కాదు. అది కడుపులో దిగాలి, కాలేయానికి చేరాలి. అక్కడ టీహెచ్‌సీ ఇంకో రూపం ఎత్తుతుంది, దాని పేరు 11-హైడ్రాక్సీ టీహెచ్‌సీ. మెదడును పట్టడంలో అది అన్నకు మించిన తమ్ముడు. ఇదంతా జరగడానికి అరగంట నుంచి రెండు గంటలు. మనవాడికి అంత ఓపిక యాడిది? ఒక ముక్క తింటాడు. పావుగంట చూస్తాడు. "ఏమీ కాలేదు, డూప్లికేట్ ఇచ్చినాడు" అని అమ్మినవాణ్ని తిట్టుకుంటా ఇంకో ముక్క. అరగంటకు మిగతాదంతా. గంటన్నరకు మూడు ముక్కలూ చేతులు కలుపుకుని తలుపు తడతాయి. అప్పుడు మొదలవుతుంది. గుండె డోలు, నోరు ఎండిపోవడం, చచ్చిపోతున్నానని కేకలు, గోడలు కదలడం. విరుగుడు మందు లేదు. ఆరు, ఎనిమిది గంటలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, అది దిగేదాకా కాచుకోవాల్సిందే. అమ్మ దిష్టి తీస్తుంది. మిరపకాయలు మాడిన ఘాటుకు ఇల్లంతా దగ్గుతుంది, వాడు తప్ప.

చాక్లెట్ మిగిలిందనుకోండి, ఇంకా ఘోరం. జేబులో ఉంటుంది. చెల్లెలికో, అక్క కొడుక్కో దొరుకుతుంది. చాక్లెట్ దొరికిన పిల్లోడు నాయన్ను అడిగి తింటాడా? చిన్న ఒంటికి ఆ మోతాదు పడితే మగత కమ్మి, ఊపిరి మందగించి ఐసీయూకు చేరిన పిల్లల కథలు ప్రపంచమంతా ఉన్నాయి. తెలంగాణలో 2024 జనవరిలో రంగారెడ్డి జిల్లా కొత్తూరులో బడి దగ్గర పాన్ డబ్బాల్లో గంజాయి చాక్లెట్లు పట్టుకున్నారు, తిన్న పిల్లలు క్లాసులో వింతగా ప్రవర్తిస్తుంటే సంగతి బయటపడింది. బడి ముందు ఉప్పూకారం చల్లిన మామిడికాయ అమ్మే ముసలమ్మను మాత్రం పరిశుభ్రత లేదని తరిమేస్తాం.

వేపు మతం గురించి ఎక్కువ చెప్పను. బెంగళూరు నుంచి వచ్చిన అల్లుళ్ల వల్ల వ్యాపించిన కొత్త శాఖ ఇది. పెన్ను లాంటిది జేబులో పెట్టుకుని, పొగ కాదు ఆవిరి అంటారు. లోపల హ్యాష్ ఆయిల్ అనే గంజాయి నూనె, మామూలు ఆకుకన్నా ఎన్నో రెట్లు ఘాటు. 2019లో అమెరికాలో ఇట్లాంటి ఆవిరి పీల్చినవాళ్లు ఊపిరితిత్తులు చెడి వరసగా ఆసుపత్రులకు చేరినారు. 2020 ఫిబ్రవరి నాటికి లెక్క 2,807 మంది, అందులో 68 మంది చచ్చిపోయినారు. ఆ నూనెను చిక్కగా చూపించడానికి కలిపిన విటమిన్-ఇ అసిటేట్ దగ్గర దోషం తేలింది. మొహానికి పూసుకునే క్రీముల్లో వాడే పదార్థం, రొమ్ములో పూసుకున్నారు. ఈ-సిగరెట్లను మన దేశం 2019లోనే నిషేధించింది. అల్లుడికి చెప్పండి. అల్లుడు కాబట్టి మెల్లగా చెప్పండి.

నాలుగు మతాలకూ ఒక్కచోట ఏకాభిప్రాయం. పొట్లంలో ఏముందో ఎవరూ అడగరు.

జర్మనీలో లైప్‌జిగ్ అనే ఊరు ఉంది. 2007లో అక్కడి ఆసుపత్రులకు కుర్రాళ్లు ఒకరి తర్వాత ఒకరు కడుపునొప్పి, వికారం, రక్తహీనతతో వస్తా ఉంటే డాక్టర్లకు అంతుపట్టలేదు. రక్తం పరీక్షిస్తే సీసం. పాత రంగుల ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లకు వచ్చే జబ్బు, కాలేజీ పిల్లలకు వచ్చింది. ఆరా తీస్తే అందరూ గంజాయి తాగేవాళ్లే. పొట్లాల్లో సీసపు రవ్వలు కంటికే కనపడినాయి. ఇరవై తొమ్మిది మంది సంగతి 2008లో వైద్య పత్రికకెక్కింది. ఎందుకు కలిపినారంటే, తూకానికి. ఆకు తేలిక, సీసం బరువు. అమ్మేది గ్రాముల లెక్కన.

ప్రొద్దుటూరు వాళ్లకు ఈ కిటుకు వేరే చెప్పాలా? బంగారంలో రాగి కలిస్తే పట్టుకోవడానికే కదా గీటురాయి పుట్టింది. కల్తీ చేసినవాడు కనీసం రాగి కలిపినాడు, ఆ నగ పెట్టుకుంటే మెడకు ఏమీ కాదు. ఇక్కడ కలిపిన సీసం పొగతో కలిసి నేరుగా రక్తంలోకి పోతుంది. అయినా "మావోని కాడ ప్యూరే". మావోడికే తెలియదు నాయనా, వాడికి అమ్మినవాడికీ తెలియదు. సరుకు బయలుదేరింది ఎక్కడో అల్లూరి జిల్లా ఏజెన్సీలోనో, ఒడిశా కొండల్లోనో. అక్కడి పేరున్న రకం పేరు శీలావతి. శీలం పేరులోనే ఉంది, దారి పొడవునా ఎన్ని చేతులు మారిందో, ఏ గోతంలో ఎన్ని నెలలు బూజు పట్టిందో దేవుడికి తెలియాలి. ఆ బూజులో ఆస్పర్‌జిల్లస్ అనే శిలీంధ్రం ఉంటే, రోగనిరోధక శక్తి తగ్గినవాడి ఊపిరితిత్తుల్లో అది కాపురం పెడుతుంది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు రెండు లక్షల కిలోల గంజాయిని ఒకేసారి తగలబెట్టినారు. అంత మంట మండినా మన సందు చివర పొట్లం ఒక్కరోజు కూడా కరువు కాలేదు. వాన రాకడ తప్పే సీమలో తప్పని సరఫరా ఇదొక్కటే.

సరే, దారి ఏదైనా చివరికి చేరేచోటు గురించి రెండు మాటలు. ఏళ్ల తరబడి రోజూ వాడేవాళ్లలో కొందరికి ఒక వింత జబ్బు వస్తుంది. ఆగకుండా వాంతులు, కడుపులో మెలిపెట్టే నొప్పి. 2004లో ఆస్ట్రేలియా డాక్టర్లు దీన్ని మొదట వివరించినారు. దీని గుర్తు ఏమంటే, వేడినీళ్లు పోసుకుంటే రోగికి నెమ్మదిస్తుంది. మే నెల కడపలో, కొళాయి నీళ్లకే ఒళ్లు కాలే ఎండలో, ఒకడు రోజుకు నాలుగుసార్లు బాయిలర్ పెట్టించుకుని పొగలు కక్కే నీళ్లు పోసుకుంటున్నాడంటే, గ్యాస్ మాత్రలు, ఎండోస్కోపీ, స్కానింగ్ అని ఇల్లు తాకట్టు పెట్టేముందు వాడి జేబులు చూడండి. మానితే తగ్గుతుంది. మానకపోతే ఏ మాత్రా తగ్గించదు.

ఇక తలకాయ. ఘాటు ఎక్కువున్న గంజాయిని రోజూ వాడేవాళ్లకు, అసలు వాడనివాళ్లతో పోలిస్తే, మతి చలించే జబ్బు వచ్చే అవకాశం దాదాపు ఐదు రెట్లని ఐరోపా, బ్రెజిల్ నగరాల్లో చేసిన పెద్ద అధ్యయనం 2019లో చెప్పింది. లేని గొంతులు వినపడతాయి. ఎవరో వెంటాడుతున్నారనిపిస్తుంది. ఇక్కడ మనకొక చిక్కుంది. మా సీమలో వెనక ఎవరో వస్తున్నారనే అనుమానం చాలాకాలం జబ్బు కాదు, జాగ్రత్త. అందుకే పిల్లోడు తలుపు గొళ్లెం వేసుకుని, కిటికీ సందులోంచి వీధి చూస్తా, "నన్ను చంపడానికి వచ్చినార్రా" అంటే, నాయన మొదట వాణ్ని డాక్టరు దగ్గరికి తీసుకుపోడు, ఎవరు వచ్చినారో కనుక్కోవడానికి మనుషుల్ని పంపుతాడు. ఎవరూ లేరని తేలినాక గాలి సోకిందంటారు. తాయెత్తు కడతారు. నిమ్మకాయలు కోస్తారు. ఆర్నెల్లు పోతాయి. ఆ ఆర్నెల్లూ పొట్లం మాత్రం తాయెత్తు పక్క జేబులోనే ఉంటుంది.

అలవాటు పడను, ఎప్పుడంటే అప్పుడు మానేస్తా అనే శపథం కూడా అందరి నోటా వినపడేదే. వాడినవాళ్లలో సుమారు పదిమందికి ఒకరు బానిస అవుతారు, పద్దెనిమిది నిండకముందే మొదలుపెడితే ఆరుగురికి ఒకరు. కేంద్రం 2019లో బయటపెట్టిన సర్వేలో గంజాయి జాతి మత్తుల వల్ల చికిత్సో, సాయమో అవసరమైనవాళ్లు సుమారు 72 లక్షలని తేలింది. ప్రతి ఒక్కడూ ఎప్పుడంటే అప్పుడు మానేయగలిగినవాడే.

నాయకుల సంగతికి వస్తే, గంజాయి మీద వాళ్లకున్నంత స్పష్టత ఎవరికీ లేదు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు రాష్ట్రమంతా గంజాయి వనం, అధికారంలోకి రాగానే తులసివనం. పార్టీ మారినప్పుడల్లా మొక్కలు కూడా మారుతాయి. పేపరు జిల్లా ఎడిషన్లో మాత్రం ఫొటో మారదు. ముందు టేబుల్ మీద పొట్లాలు, వెనక పోలీసులు, మధ్యలో ముసుగులేసిన నలుగురు కుర్రాళ్లు. 1985 నాటి మత్తుమందుల చట్టం ప్రకారం కిలో లోపు చిన్న మొత్తం, ఏడాది దాకా జైలు. 20 కిలోలు దాటితే వ్యాపార మొత్తం, పదేళ్లకు తగ్గని శిక్ష. ఫొటోలో ఎప్పుడూ చిన్న మొత్తమే నిలబడి ఉంటుంది. పెద్ద మొత్తం ఫొటోలకు సిగ్గుపడుతుంది.

ఆ చట్టంలోనే 64-ఎ అని ఒక సెక్షన్ ఉంది, ముసుగు వేయించుకున్న కుర్రాళ్లకు దాని సంగతి ఎవరూ చెప్పరు. మత్తుకు బానిసైనవాడు తనంతట తాను గుర్తింపు ఉన్న ఆసుపత్రికి పోయి చికిత్స చేయించుకుంటే, వాడకానికీ చిన్న మొత్తానికీ సంబంధించిన కేసు నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోతుంది. అమ్మేవాడి సమాచారం ఇవ్వాలంటే రాష్ట్రంలో ఈగల్ పోలీసు విభాగం నంబరు 1972. మానాలనుకునేవాడి కోసం, వాడి ఇంటివాళ్ల కోసం కేంద్రం పెట్టిన నంబరు ఇంకోటి ఉంది, డబ్బు కట్టనక్కర్లేదు.

జేజీ, కమ్మల బేరం తెగిందా? ముద్ర చూసుకున్నావు, తరుగు తగ్గించుకున్నావు, బాగుంది. మనవడు వచ్చి పక్కన కూర్చున్నాడు చూడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఊరికే నవ్వుతున్నాడు. ఆ ఫోన్ వాడి చేతిలోంచి తీసుకో. ఈసారి నంబరు నువ్వే కొట్టు. 14446.